కోవిల్‌పట్టి పెట్టె, ఇంటి చక్కెర డబ్బా
(ప్రసంగ పాఠం)



44వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు, కర్నూలు, అనంతపురం, బెంగళూరుల మీదుగా దక్షిణానికి సాగి, మదురై దాటిన తరువాత విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టిలను వరుసగా తాకుతుంది. నల్లరేగడి నేలలున్న ఆ ప్రాంతాన్ని తమిళులు కరిసల్ సీమ అంటారు. శతాబ్దాల క్రితం ఉత్తరాది నుండి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఆ నేలను సాగుచేసి అక్కడే స్థిరపడ్డాయి. కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైసెవల్‌లో జన్మించిన రచయిత కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. రచనా భాష తమిళం. ఆ వలసనే ఆయన ‘గోపల్ల గ్రామం’ నవలగా మలిచారు. దానికి తరువాయిగా వచ్చిన ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఆ సీమ పిల్లలు నేడు మరల వలస పోతున్నారు. చెన్నై, బెంగళూరు, హైదరాబాదు నగరాలలో ఉద్యోగాలు చేస్తున్నారు. సెలవులకు ఊరికి వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు వారి సంచిలో తప్పక ఉండే వస్తువు ఒకటుంది: కోవిల్‌పట్టి కడలై మిఠాయి పెట్టె. తెలుగునాట పల్లీ పట్టీ, వేరుశనగ అచ్చు అని పిలిచే తినుబండారానికి ఇది సోదరి వంటిది. ఆ పెట్టె విప్పిన ఇంట్లో ఊరి వాసన వస్తుంది. ఆ ఇంట్లోనే చక్కెర వ్యాధి మాత్రలు కూడా ఉంటే ఏమి చేయాలన్నదే ఈనాటి విషయం.

అటువంటి ఒక ఇంటిని ఊహించుకుంటే సంగతి సులభంగా బోధపడుతుంది. గృహస్థుకు 45 ఏళ్లు. రక్తపరీక్షలో చక్కెర హద్దు దగ్గరకు వచ్చిందని వైద్యుడు హెచ్చరించారు. ఇదే వ్యాధి వల్ల తన తండ్రి కాలి వేళ్లను తొలగించవలసి వచ్చిన సంగతి ఆయన మరువలేదు. అందుచేత సోమవారం ఉదయం తీపిని పూర్తిగా మానేస్తానని భార్యాపిల్లల ఎదుట ప్రతిజ్ఞ చేశారు. మూడు రోజులు గడిచాయి. గురువారం సాయంత్రం కార్యాలయం నుండి అలసి వచ్చారు. వంటింటి అలమరలో పెట్టె కనిపించింది. ఒక్క ముక్క అనుకున్నది నాలుగయింది. ఇంకేముంది, వ్రతం చెడనే చెడింది గదా అని మిగిలినవీ పూర్తిచేశారు. ఆదివారం నాటికి మిగిలింది సిగ్గు ఒక్కటే. మరుసటి నెలలో మరొక సోమవారం, మరొక ప్రతిజ్ఞ.

ఈ ఓటమికి ఆయన తన మనోబలాన్ని నిందించుకుంటారు. నిజానికి లోపం మనోబలంలో కన్నా పద్ధతిలోనే ఎక్కువగా ఉంది. ఎప్పుడో తినే మిఠాయి మీద యుద్ధం ప్రకటించి, ప్రతిరోజూ కనిపించకుండా లోపలికి పోతున్న చక్కెరను ఆయన లెక్కలోకి తీసుకోలేదు. ఈ రెండింటి మధ్య తేడా ఎట్లా వచ్చిందో కోవిల్‌పట్టి చరిత్రే చెబుతుంది.

పూర్వం ఆ ప్రాంతంలో వేరుశనగ మిఠాయిని తాటిబెల్లంతో, అంటే కరుప్పట్టితో, ముఖ్యంగా ఊరి తిరునాళ్లకు, పండుగలకు చేసుకొనేవారు. 1940ల దశకంలో పొన్నంబల నాడార్ అనే వర్తకుడు చెరకు బెల్లంతో దానిని తయారుచేసి తన దుకాణంలో అమ్మడం ప్రారంభించారు. వేయించి పొట్టు తీసిన వేరుశనగ గింజలను ముదురు పాకంలో కలిపి, బల్ల మీద పరచి, సమంగా వత్తి, ముక్కలుగా కోస్తారు. పైన రంగు కలిపిన కొబ్బరి కోరు చల్లుతారు. నల్లరేగడిలో పండిన వేరుశనగకు, తేని ప్రాంతపు బెల్లానికి, తామ్రపర్ణి నీటికి ఆ రుచిలో భాగముందని అక్కడివారి విశ్వాసం. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. పక్కనే విరుదునగర్ జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరు పాలకోవాకు అంతకు ముందే, 2019లో, ఆ గౌరవం దక్కింది.

ఈ కథలో గమనించవలసిన మలుపు ఒకటుంది. తిరునాళ్లకు వచ్చే తీపి ఏడాది పొడుగునా దొరికే తీపి అయింది. ఆ పట్టణానికి అది జీవనోపాధి, గర్వకారణం. అందులో తప్పేమీ లేదు. అయితే పండుగ అనే హద్దు తొలగిపోయినప్పుడు దాని స్థానంలో మరొక హద్దును మనిషి తానే పెట్టుకోవలసి వస్తుంది.  భౌగోళిక గుర్తింపు వస్తువు పుట్టిన చోటుకు హామీ ఇస్తుంది; ఎంత తినవచ్చునో అది చెప్పదు.

మరి ఎంత తినవచ్చు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, రోజువారీ ఆహారశక్తిలో చక్కెరల వాటా 10 శాతానికి లోపుగా ఉండాలి. 5 శాతానికి లోపుగా ఉంటే మరింత మేలు. రోజుకు 2000 కిలోకేలరీల ఆహారం తినేవారికి 10 శాతమంటే 50 గ్రాములు, 5 శాతమంటే 25 గ్రాములు. బెల్లం, తేనె, పండ్ల రసం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. కొరికి తినే పండు, పాలలో సహజంగా ఉండే తీపి ఇందులోకి రావు.

ఈ అంకెను వంటింటిలో కొలవడం కష్టం కాదు. నలుగురున్న ఇంటికి నెలకు 3 కిలోల చక్కెర, బెల్లం కలిపి ఖర్చయితే, ఒక్కొక్కరికి రోజుకు సరిగా 25 గ్రాములు పడుతుంది. 5 కిలోలు ఖర్చయితే 40 గ్రాములు దాటుతుంది. బయట తాగే టీ, కూల్‌డ్రింకులు, బిస్కట్లు, మిఠాయి దుకాణపు పొట్లాలు దీనికి అదనం. పైన చెప్పిన గృహస్థు రోజుకు నాలుగు కప్పుల టీ తాగుతారనుకుందాం. కప్పుకు రెండు చెంచాల వంతున ఎనిమిది చెంచాలు. చెంచాకు 4 గ్రాములే అనుకున్నా 32 గ్రాములు. మిఠాయి పెట్టె జోలికి పోకముందే ఆయన 25 గ్రాముల హద్దు దాటిపోయారు. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు ఒక్కటి చాలు, మరొక 30 గ్రాములు చేరడానికి.

కనుక మొదట తగ్గించవలసింది టీలోని చక్కెర. దానిని ఒక్కసారిగా మానితే టీ చేదుగా తోచి, పట్టుదల సడలుతుంది. వారానికి అరచెంచా చొప్పున తగ్గిస్తూ పోతే నాలుక సర్దుకుంటుంది. కొన్ని వారాల తరువాత పాత కొలతతో చేసిన టీ తానే అతి తీపిగా అనిపిస్తుంది. ఈ ఒక్క మార్పు వల్ల తగ్గే చక్కెర, పండుగనాటి మిఠాయిని మానడం వల్ల తగ్గేదాని కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

ఈ దారిలో రెండు పొరపాట్లు జరుగుతూ ఉంటాయి. మొదటిది బెల్లం మీద భ్రమ. చక్కెర మానేశాం, బెల్లమే వాడుతున్నాం అని గర్వంగా చెప్పే కుటుంబాలు అనేకం. కరుప్పట్టి కాఫీని ఔషధంగా భావించేవారూ ఉన్నారు. బెల్లంలో కొద్దిపాటి ఖనిజాలు ఉన్నమాట నిజమే. కానీ చెరకు బెల్లంలోనైనా, తాటిబెల్లంలోనైనా అత్యధిక భాగం సుక్రోజే. చక్కెరలో ఉన్నదీ అదే. రంగు, వాసన మారినంత మాత్రాన రక్తంలో దాని ప్రవర్తన పెద్దగా మారదు. రుచి కోసం బెల్లం వాడుకోవచ్చు; మందు అనుకొని రెట్టింపు వాడరాదు.

రెండవది, తీపిని వదిలి కారాన్ని పట్టుకోవడం. విరుదునగర్ పేరు చెప్పగానే నూనెలో వేగిన పరోటా, సాత్తూరు పేరు చెప్పగానే కారపు సేవు గుర్తుకు వస్తాయి. నాలుక తీపి కోరినప్పుడు దాని ముందు వీటిని పెడితే కోరిక క్షణకాలం తీరవచ్చు. కానీ మైదా, నూనె, ఉప్పు తమ పద్దును తాము వేరే రాసుకుంటాయి. మైదా పిండి కూడా చివరకు రక్తంలో గ్లూకోజుగానే చేరుతుంది.

తీపి మీది కోరికకు ఒక వేళ ఉంటుంది. ఎక్కువమందికి అది మధ్యాహ్న భోజనం తరువాత గానీ, సాయంత్రం 5 గంటల ప్రాంతంలో గానీ, రాత్రి పడుకోబోయే ముందు గానీ వస్తుంది. వారం రోజులు ఆ వేళలను ఒక కాగితం మీద రాసుకుంటే ఎవరి సంగతి వారికే తెలుస్తుంది. సాయంత్రం వచ్చే కోరికలో చాలావరకు ఆకలి ఉంటుంది. ఉదయం ఆదరాబాదరాగా రెండు ఇడ్లీలతో సరిపెట్టి, మధ్యాహ్నం పప్పు, కూర తక్కువగా, అన్నం ఎక్కువగా తిన్నవారికి సాయంత్రం నీరసం రావడం సహజం. వేయించిన శనగలు, ఉడికించిన వేరుశనగ, జామకాయ, మజ్జిగ వంటివి ఆ వేళకు ముందే సిద్ధంగా ఉంటే పెట్టె వైపు చేయి పోదు. రాత్రి కోరికకు నిద్రలేమి తోడవుతుంది. నిద్ర తగ్గినవారికి తీపి, కొవ్వు పదార్థాల మీద మనసు ఎక్కువగా పోతుంది. కోరిక కలిగిన క్షణాన నీళ్లు తాగి, ఇంటి చుట్టూ పది నిమిషాలు నడిచి వస్తే చాలాసార్లు దాని ఉధృతి తగ్గిపోతుంది.

వస్తువు ఉన్న చోటు కూడా ముఖ్యమే. కంటికి ఎదురుగా గాజు సీసాలో ఉన్న మిఠాయికీ, పై అరలో మూసి ఉన్న పెట్టెకూ మధ్య దూరం రెండడుగులే కావచ్చు; ఆ రెండడుగులే మనిషికి ఆలోచించే వ్యవధి ఇస్తాయి.

అన్నిటికన్నా క్లిష్టమైనది బంధువుల ప్రేమ. ఊరికి వెళ్లినప్పుడు అత్తగారు పళ్లెం ముందు పెట్టి, “అల్లుడుగారూ, ఒక్క ముక్క తీసుకోండి, ఏమీ కాదు” అంటారు. అక్కడ వద్దంటే తీపిని కాదు, ఆప్యాయతను వద్దన్నట్లవుతుంది. వలస వెళ్లినవారికి ఈ బాధ మరీ ఎక్కువ. ఏడాదికి రెండుసార్లు దొరికే ప్రేమను ఎవరు కాదనగలరు? అందుకే అక్కడ కఠిన ప్రతిజ్ఞ పనికిరాదు. ఒక్క ముక్క తీసుకొని, అందరితో కూర్చొని, నెమ్మదిగా తిని, “చాలా బాగుంది అత్తయ్యగారూ, రెండవది మీ మనవడికి” అని చెప్పడంలో మర్యాదా ఉంది, హద్దూ ఉంది. ఆ ముక్కను నేరంగా భావించనవసరం లేదు. ఒక ముక్క తిన్నందుకు వ్రతం చెడిందనుకొని పెట్టె ఖాళీ చేయడమే అసలు ప్రమాదం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇప్పటికే మధుమేహానికి మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడుతున్నవారు వైద్యుని సలహా లేకుండా ఆహారాన్ని హఠాత్తుగా మార్చరాదు. చెమటలు, వణుకు, తల తిరగడం కనిపిస్తే రక్తంలో చక్కెర పడిపోయి ఉండవచ్చు. అప్పుడు మూడు చెంచాల గ్లూకోజు లేదా చక్కెర నీటిలో కలిపి వెంటనే తాగించాలి. స్పృహ లేనివారి నోట ఏమీ పోయక, తక్షణం ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆ సమయంలో చక్కెరే మందు. ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలిసి ఉండాలి.

మధుమేహానికి చక్కెర ఒక్కటే కారణం కాదు. వంశపారంపర్యం, నడుము చుట్టూ పెరిగిన కొవ్వు, వ్యాయామం లేకపోవడం కూడా కలిసి పనిచేస్తాయి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నట్లు అంచనా వేసింది. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో రక్తపోటు, చక్కెర పరీక్షలు చేసే ఏర్పాటు ఉంది. తమిళనాడులో 2021 ఆగస్టు 5న ప్రారంభమైన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం కింద ఈ రెండు వ్యాధులకు మందులను ఇంటి వద్దకే తెచ్చి ఇస్తున్నారు. భాష రాదన్న సంకోచంతో కొత్తగా వచ్చిన తెలుగువారు ఈ సేవలకు దూరంగా ఉండరాదు. పరగడుపు పరీక్షలో 126 లేదా అంతకు మించిన అంకె వస్తే వైద్యుని కలవడంలో ఆలస్యం చేయరాదు.

ఇక ఆ గృహస్థు ఇంటికి తిరిగి వస్తే, ఆయన చేయవలసింది కొత్త ప్రతిజ్ఞ కాదు. ఈ నెల టీలో అరచెంచా తగ్గించడం, నెలసరి సరుకుల చీటీలో చక్కెర 5 కిలోల నుండి 4 కిలోలకు దించడం, సాయంత్రానికి శనగలు సిద్ధంగా ఉంచడం. ఊరి నుండి పెట్టె వచ్చిన రోజున దానిని అలమరలో దాచక, ఆ సాయంత్రమే విప్పి, ఇంటిల్లిపాదికీ తలా ఒక ముక్క ఇచ్చి, మిగిలినదాన్ని ఇరుగుపొరుగువారికి పంచడం. పంచేటప్పుడు కోవిల్‌పట్టి కథ కూడా చెప్పవచ్చు. తిరునాళ్ల మిఠాయిని ఒకప్పుడు ఆ ఊరు తిన్నది కూడా అట్లాగే: అందరూ కలిసి, ఒక్కరోజు.