దైవసాక్షి – మనస్సాక్షి

(స్వచ్ఛంద సేవకుల సమావేశమున చేసిన ఉపన్యాసము)



మొన్న మన శిబిరములో ఒక యువసేవకుడు ప్రార్థనకు రాలేదని మేము వానిని నిలదీసితిమి. తాను నమ్మని మాటను తనచేత పలికింపవలదని యాతడు బదులు చెప్పెను. మేము ఆస్తికులము, కోపము వచ్చినది. ఇంటికి పోయి యోచింపగా ఆ కోపమునకే సిగ్గుపడితిమి. దైవసాక్షిగా ప్రమాణము చేసి నిస్సంకోచముగా బొంకినవారిని న్యాయస్థానములలో ఇరువది యేండ్లుగా చూచుచున్నాము. ఈతడు బొంకుటకు ఒప్పుకొనలేదు, అంతియే గదా!

దేవుడు కలడని ఆస్తికుడు, లేడని నాస్తికుడు. తేల్చుటకు తగిన సాక్ష్యమే లేదనువాడు అజ్ఞేయవాది. ఈ మతమునకు 1869లో ఆంగ్లమున పేరు పెట్టినవాడు హక్స్లీ పండితుడు. కలడన్నవాడే రుజువు చేయవలెనని నాస్తికుడు పట్టుపట్టును. మా వృత్తిధర్మమును బట్టి అది న్యాయమైన వాదమే. అయితే భక్తుడు దావా వేసినవాడు కాడు. తన బ్రదుకును నడపుకొను విశ్వాసమును చెప్పుకొనుచున్నాడు. దానిని ఒరులపై రుద్దబోయిననాడే రుజువు భారము వానిపై పడును.

ఇంగ్లండులో చార్లెస్ బ్రాడ్లా 1880లో పార్లమెంటునకు ఎన్నికయ్యెను. నాస్తికుడని కూర్చుండనీయలేదు. ఓటర్లు మరల మరల ఎన్నుకొనినను 1886లో గాని స్థానము దక్కలేదు. దైవనామము లేని ప్రతిజ్ఞకు 1888లో చట్టము చేయించినది ఆతడే. 1889లో బొంబాయి కాంగ్రెసునకు వచ్చి మన పక్షమున నిలిచినదియు ఆతడే. దేవుని నమ్మిన దొరలెందరో మన హక్కును కాదనుచుండగా, నమ్మనివాడు ఔననెను.

గాంధీమహాత్ముడు దేవుడే సత్యమనుట మాని, సత్యమే దేవుడని 1931లో చెప్పెను. మన కృష్ణాజిల్లాలో నాస్తిక కేంద్రమును స్థాపించిన గోరాగారు సేవాగ్రామమునకు పోయి ఆయనతో వాదించిరి. ఒకరినొకరు మార్చుకొనలేదు, ఒకరినొకరు గౌరవించుకొనిరి. గోరాగారి కుమార్తెకు దళిత యువకునితో వివాహము నిశ్చయము కాగా, దైవనామమునకు మారు సత్యము పేర జరిపింతునని బాపూజీ మాటయిచ్చెను. 1948 జనవరిలో ఆయన హత్యకు గురియయ్యెను. ఆ మార్చిలో వివాహము సేవాగ్రామమునందే జరిగినది.

1949 అక్టోబరు 17న రాజ్యాంగసభలో, పీఠికను దైవనామముతో ఆరంభింపవలెనని కామత్‌గారు ప్రతిపాదించిరి. అనుకూలురు 41, ప్రతికూలురు 68. ప్రతికూలురందరు నాస్తికులా? కారు. దేవుని ఓటునకు పెట్టవలదని వేడుకొనినవారు, విశ్వాసమున నిర్బంధము తగదనిన భక్తులు ఆ సభలోనే యుండిరి. నేడు రాష్ట్రపతి మొదలు శాసనసభ్యుని వరకు ఎవరైనను దైవసాక్షిగనో మనస్సాక్షిగనో ప్రమాణము చేయవచ్చును.

రాష్ట్రపతికి గల ఈ స్వేచ్ఛ మన శిబిరములో ఒక సేవకునకు లేకపోవుట ఏమి న్యాయము? రేపును ప్రార్థనకు గంట మ్రోగును, మేము పోవుదుము. రానివానిని ఎవరును ప్రశ్నింపరాదు. ఆ యువకుడు ఈ సభలోనే యున్నాడు. తమ్ముడా, తప్పు మాది. మీ యందరి యెదుట ఆతనిని క్షమాపణ వేడుచున్నాము, మనస్సాక్షిగనే.