మంత్రసాని మనవరాలికి ఇంగ్లీషు అడ్డమా?
(వాడ సభలో చేసిన ప్రసంగం)



ఊళ్ళో ఎవరింట పురుడొచ్చినా అర్ధరాత్రి మన అవ్వల్నే పిలిచేవారు. బొడ్డు కోసింది ఆ చేతులే. తెల్లారితే ఆ చేతుల్నే అంటు అన్నారు. కూలి చేటెడు గింజలు. ఇవాళ ఆ అవ్వల మనవరాళ్ళు నర్సింగు చదివి విదేశాలకు పోతామంటున్నారు. పోనిద్దాం. ఉత్త చేతుల్తో మాత్రం పంపొద్దు.

ఇంగ్లండు పోవాలంటే సర్టిఫికెట్టు ఒక్కటే చాలదు. ఐఇఎల్‌టిఎస్ గానీ ఓఇటి గానీ రాసి ఇంగ్లీషు గట్టెక్కాలి. తర్వాత కంప్యూటరు పరీక్ష. అక్కడికి పోయాక పనిచేసి చూపే పరీక్ష. జర్మనీకైతే జర్మన్ భాషే నేర్వాలి. మన పిల్ల ఆగిపోయేది సూది వెయ్యడం రాక కాదు, ఇంగ్లీషు రాక. ఇందులో పంతుళ్ళం మా తప్పూ ఉంది. పాఠానికి తెలుగులో అర్థం చెప్పి, జవాబులు బట్టీ పట్టించాం. పిల్లల నోరు తెరిపించలేదు.

ఇక ఏజెంట్లు. లక్షలడుగుతారు. ఎమిగ్రేషన్ రూల్సు పెట్టిన హద్దు 30 వేలు, పైన జిఎస్‌టి. నర్సుల్ని దోచుకుంటున్నారనే 2015లో కేంద్రం గల్ఫ్ తదితర 18 దేశాలకు పోయే నర్సులకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరి చేసింది. విజిట్ వీసా మీద పంపుతానంటే నమ్మొద్దు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ ప్రభుత్వ సంస్థలే. ముందు అక్కడ అడగండి.

కార్యకర్తలకు ఒక మాట. అగ్రిమెంటు కాగితం సంఘంలో నలుగురూ చదివాకే పిల్ల సంతకం పెట్టాలి. ఉన్న అరెకరం తాకట్టు పెట్టనివ్వొద్దు. సంక్షేమ హాస్టళ్ళలో, నర్సింగు కాలేజీల్లో ఉచిత ఇంగ్లీషు కోచింగ్ పెట్టాలని కలెక్టరాఫీసు ముందు కూర్చుందాం. అది దానం కాదు, మన అవ్వలకు ఎగ్గొట్టిన కూలి.

జైభీమ్!