ప్రయాణాల కార్డులు - పెన్షనరు లెక్క

(విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకు ఇచ్చిన అంశం డి.ఆర్. బకాయిలు కాదు, వైద్య బిల్లులు కాదు. ఫీజు కట్టి తీసుకునే పెద్ద క్రెడిట్ కార్డులు, వాటితో వచ్చే విమాన ప్రయాణపు సౌకర్యాలు మనబోటి వారికి గిట్టుబాటు అవుతాయా, కావా అన్నది విషయం. నేను బ్యాంకు ఉద్యోగిని కాను. సర్కారు ఆఫీసులో గుమాస్తాగా పని చేసిన వాడిని. బిల్లు చేతికి వస్తే కూడిక సరిచూడనిదే సంతకానికి పంపని అలవాటు ఒక్కటే నా అర్హత. ఆ అలవాటుతోనే నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

ఇదేం విషయమని కొందరు మిత్రులు అనవచ్చు. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో గల్ఫ్ వలస లేని ఊరు అరుదు. దుబాయి, మస్కట్, దోహా పేర్లు మన ఇండ్లల్లో పక్క ఊరి పేర్ల వలె వినపడతాయి. ఇప్పుడు అమెరికా, ఆస్ట్రేలియాలు కూడా చేరినవి. పిల్లల దగ్గరికి, మనుమల దగ్గరికి డెబ్బై ఏండ్ల వయసులో విమానమెక్కే పెన్షనర్లు మనలోనే ఎందరో ఉన్నారు. మొదటి వారంలో పెన్షను కొరకు బ్యాంకుకు పోతే, మెడలో బిళ్ళ వేసుకున్న అబ్బాయి నవ్వుతూ ఎదురు వస్తాడు. "పెద్దసారూ, ఈ కార్డు తీసుకోండ్రి. ఎయిర్‌పోర్టుల టిఫిన్, భోజనం ఫ్రీ. ఇన్సూరెన్సు ఫ్రీ. పాయింట్లతోని టికెట్లు కూడ ఫ్రీ" అంటాడు. ఆ పిల్లవాని మీద నాకు కోపం లేదు. అతని ఉద్యోగం అది. కాని మూడుసార్లు ఫ్రీ అన్న చోట ఒకసారైనా రేటు అడగడం మన ధర్మం.

క్రెడిట్ కార్డు మనకు కొత్త కాదు. అమెరికాలో డైనర్స్ క్లబ్ కార్డు 1950లో పుట్టింది. మన దేశంలో ఈ కార్డులు మొదట ఇచ్చిన బ్యాంకులలో, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఒకటి. 1981లోనే అది కార్డు ఇచ్చింది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అప్పటి కార్డు జేబులో పైసలకు బదులు. ఇప్పటి పెద్ద కార్డు అట్లా కాదు. అది హోదా అమ్ముతుంది, సౌకర్యం అమ్ముతుంది, వాటికి ముందుగానే ఫీజు వసూలు చేస్తుంది.

ముందు ఖర్చు పద్దు చూద్దాం. ఏడాదికి అయిదు వేల ఫీజు అని చెబుతారు. దాని మీద 18 శాతం జి.ఎస్.టి. తొమ్మిది వందలు. వెరసి 5,900 రూపాయలు. ఇంకా పై తరగతి కార్డుకు 12,500 ఫీజు అనుకుంటే, పన్ను 2,250 కలిపి 14,750. ఇది ఒక్కసారి కట్టేది కాదు, ఏటేటా కట్టేది.

ఇక జమ పద్దు. పెన్షను మీద బతికే భార్యాభర్తల సంగతి తీసుకుందాం. కూరగాయల అంగడిలో, పాలవానికి, పనిమనిషికి కార్డు నడవదు. మందులు, కిరాణా, కరెంటు బిల్లు కలిపి నెలకు పదిహేను వేలు కార్డు మీద పెట్టారనుకోండి. ఏడాదికి 1,80,000. పాయింట్ల విలువ ఉదారంగా నూటికి రెండు రూపాయలు వేసినా 3,600 వస్తుంది. ఉదారంగా అని ఎందుకంటున్నానంటే, చాలా కార్డుల్లో ఒక్కో పాయింటు నగదుగా మార్చితే పావలా మాత్రమే. అదే పాయింటుకు విమాన టికెట్టు కొంటే విలువ ఎక్కువ రావచ్చు. అంటే ఎగిరేవానికి రూపాయి, ఇంట్లో ఉన్నవానికి పావలా.

విమానాశ్రయంలో లాంజ్ అనే విశ్రాంతి గది ఉంటుంది. మెత్తని కుర్చీలు, భోజనం ఉంటాయి. మంచిదే. కాని అది శంషాబాదులో ఉంది, మన బస్టాండులో లేదు. జగిత్యాల నుండి, కోరుట్ల నుండి అక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. ఏడాదికి ఒక ప్రయాణం, పోను రాను రెండుసార్లు లాంజ్‌లో కూర్చుంటాం. అక్కడి బోర్డు మీద ఉన్న ధర కాదు, లాంజ్ లేకుంటే మనం నిజంగా ఎంత ఖర్చు పెట్టేవాళ్ళమో అదే దాని విలువ. మనిషికి మూడు వందల టిఫిన్ అనుకుందాం. పైగా చాలా కార్డులకు ఉచితం కార్డుదారునికే. భార్యకు వేరుగా డబ్బు కట్టాలి, లేదా ఆమె పేర అదనపు కార్డు తీయాలి. ఆయన లోపల ఇడ్లీ తింటుంటే ఆమె బయట బ్యాగులు కాస్తుందా? కనుక జమ ఆరు వందలు.

3,600, 600 కలిపితే 4,200. ఖర్చు 5,900. తేడా 1,700 మన చేతి నుండి పోయింది. చేరినందుకు అయిదు వేల వోచరు ఇస్తారు గదా అంటారు. ఆ వోచరు ఏ దుకాణానిదో చూడాలి. మనం ఎట్లాగూ కొనే వస్తువుకు పనికి వస్తే అది జమ. వోచరు ఉంది గదా అని కొన్న వస్తువు ఖర్చు. సిరిసిల్ల మిత్రులకు నేను చెప్పనక్కర లేదు. బట్ట కొనేవాడు అంచు మెరుపు చూసి మురిసిపోవచ్చు గాని, పైసలు లెక్క పెట్టేటప్పుడు మీటర్లు కొలిచే లెక్క పెడతాడు.

అయితే ఇవి ఎవరికీ పనికిరావని నేను అనను. పిల్లలు అమెరికాలో ఉండి, ఏటా పోయి వచ్చే దంపతులు టికెట్లు, ఇతర ఖర్చులు కలిపి ఏడాదికి ఆరు లక్షలు కార్డు మీద పెడితే, నూటికి రెండు చొప్పున పన్నెండు వేలు వస్తుంది. ఫీజు పోను 6,100 మిగులు. పెద్ద మొత్తం ఖర్చు చేసినవారికి ఫీజు మాఫీ చేసే కార్డులు కూడా ఉన్నాయి. అటువంటివారు తీసుకోవచ్చు. షరతు ఒక్కటే. గడువు తేదీ లోపల బిల్లు పూర్తిగా, పైసతో సహా కట్టాలి.

ఆ షరతు దగ్గరే అసలు ప్రమాదం ఉంది. బిల్లు మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి మొత్తం బాకీ. రెండవది కనీస చెల్లింపు, సాధారణంగా నూటికి అయిదు. ఆ చిన్న అంకె కట్టి నిశ్చింతగా ఉంటే వడ్డీ నెలకు మూడున్నర శాతం కూడా పడవచ్చు. అంటే ఏడాదికి 42 శాతం. మన ఊళ్ళో నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే అప్పిచ్చినవాణ్ణి దుర్మార్గుడంటాం. నలభై వేలు ఒక నెల నిలిపితే వడ్డీ 1,400, దాని మీద పన్ను 252, వెరసి 1,652. అదే నలభై వేల ఖర్చుకు వచ్చిన పాయింట్లు ఎనిమిది వందలు. ఒక్క నెల జాప్యం రెండు నెలల పాయింట్లను మింగుతుంది. బాకీ నిలిచి ఉండగా కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా పోతుంది. కార్డుతో నగదు తీస్తే ఆ రోజు నుండే వడ్డీ, దానికి తోడు రుసుము. అప్పు చేసి పప్పుకూడు అని పెద్దలు ఊరికే అనలేదు.

దుబాయిలో కార్డు గీకితే మరొక పోటు ఉంది. విదేశీ మారకపు రుసుము చాలా కార్డులకు మూడున్నర శాతం, దాని మీద పన్ను. యాభై వేల కొనుగోలుకు 2,065 రూపాయలు. పెద్ద కార్డుల్లో ఇది రెండు శాతం దాకా తగ్గుతుంది. అక్కడి దుకాణదారు "రూపాయలలో వేయమంటారా, దిర్హాములలో వేయమంటారా" అని అడిగితే దిర్హాములే చెప్పండి. రూపాయలంటే అతని మారకపు రేటుకు మనం ఒప్పుకున్నట్లే.

ఇన్సూరెన్సు సంగతి మరీ జాగ్రత్తగా వినండి. కార్డుతో ఉచితంగా వచ్చేది ఎక్కువగా విమాన ప్రమాద బీమా. దానికి కూడా టికెట్టు ఆ కార్డుతోనే కొని ఉండాలి వంటి షరతులుంటాయి. మన వయసులో భయం విమానం పడుతుందని కాదు. పరాయి దేశంలో బి.పి. పెరిగి, గుండె నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరవలసి వస్తుందని. పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివి చూసి, వేరుగా ప్రయాణ వైద్య బీమా తీసుకోవలసిందే. కార్డు ఉంది గదా అని బీమా లేకుండా అమెరికా పోవడం, గొడుగు బొమ్మ పట్టుకుని వానలో పోవడం వంటిది.

ఇంకొక మాట. మన పెన్షను ఒక హక్కు. కార్డు సౌకర్యం హక్కు కాదు, ఇచ్చినవారు మార్చుకోవచ్చు. 2023 సెప్టెంబరులో యాక్సిస్ బ్యాంకు మాగ్నస్ కార్డు ఫీజును పది వేల నుండి 12,500కు పెంచి, నెలకు లక్ష ఖర్చు చేసినవారికి ఇస్తున్న 25,000 పాయింట్లను ఆపింది. 2023 డిసెంబరు నుండి హెచ్.డి.ఎఫ్.సి. రెగాలియా కార్డుకు లాంజ్ ప్రవేశం మూడు నెలల్లో లక్ష రూపాయల ఖర్చుతో ముడిపెట్టారు. 2025 జులైలో ఎస్.బి.ఐ. కార్డు సంస్థ కొన్ని పెద్ద కార్డులకున్న కోటి రూపాయల ఉచిత విమాన ప్రమాద బీమాను తీసివేసింది. ఇవన్నీ ముందుగా తెలియజేసి చేసినవే. కాబట్టి ఈనాటి కరపత్రం చూసి వచ్చే అయిదేండ్ల లెక్క వేయకూడదు.

హక్కు అనుకున్నవే పోతున్న రోజులివి. రైలులో అరవై దాటిన పురుషులకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన స్త్రీలకు 50 శాతం రాయితీ ఉండేది. 2020 మార్చి 20 నుండి ఆగిపోయింది. దానికి ఏ ఫీజూ లేదు, ఏ పాయింట్లూ లేవు, వయసు రుజువు చాలు. మన సంఘాలు అడగవలసిన ప్రయాణ సౌకర్యం అది. ఉన్నవాటిని మాత్రం వదలవద్దు. రైలులో వృద్ధులకు కింది బెర్తు కోటా ఉంది. 2023 డిసెంబరు 9 నుండి మన రాష్ట్రంలో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. విమానాశ్రయంలో మోకాళ్ళ నొప్పుల వారికి లాంజ్ కంటే చక్రాల కుర్చీ ముఖ్యం. టికెట్టు కొనేటప్పుడే దానిని నమోదు చేయించుకోవాలి. దానికి పెద్ద కార్డు అక్కరలేదు.

చివరగా, ఇంటి సంగతి. ఒక మిత్రుడు కాలం చేసిన తరువాత ఆయన బీరువాలో మూడు కార్డులు దొరికినవి. ఒక్కటి ఉన్నట్లు కూడా ఆ ఇల్లాలికి తెలియదు. దినాలు కాకముందే ఫోన్లు మొదలైనవి. "కట్టకుంటే నా పెన్షను ఆపుతరా అన్నా?" అని ఆమె నన్ను అడిగింది. అమ్మలారా, అక్కలారా, ఇది గుర్తుంచుకోండి. మరణించినవారి కార్డు బాకీ వారు వదిలిన ఆస్తి మేరకే వసూలు చేసుకోవాలి. వారసులు పూచీ సంతకం పెట్టి ఉంటే తప్ప, తమ సొంత సొమ్ము కట్టనక్కర లేదు. పెన్షనును కోర్టు జప్తు చేయకుండా 1871 నాటి పెన్షన్ల చట్టం 11వ సెక్షను రక్షణ ఇస్తుంది. కాని ఖాతా నుండి బాకీ తీసుకొమ్మని మనమే సంతకం చేసి ఇస్తే, ఆ తలుపు మనమే తీసినట్లు. అందువల్ల ఏ కార్డు ఉన్నా దాని వివరం, గడువు తేదీ, బాకీ భార్యాభర్తలిద్దరికీ తెలిసి ఉండాలి. పాసుబుక్కు పక్కన ఒక కాగితం మీద రాసి పెట్టండి. రహస్య సంఖ్య మాత్రం రాయవద్దు, ఎవరికీ చెప్పవద్దు. మోసం జరిగితే ఆలస్యం చేయక 1930కి ఫోను చేసి, వెంటనే బ్యాంకుకు తెలపండి.

వద్దనుకున్న కార్డును ఊరికే బీరువాలో పడేయకండి. ఫీజు నడుస్తూనే ఉంటుంది. బాకీ తీర్చి, మూసివేయమని రాతపూర్వకంగా అడగండి. ఏడు పని దినాలలో మూయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు ఖాతాదారుకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2022 ఆదేశాలలో పెట్టింది. అడగకుండా కార్డులు పంపరాదని కూడా అందులోనే చెప్పింది. ముప్పై రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకుంటే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, ఖర్చు లేదు. అర్జీ రాయడం మనకు ఒకరు నేర్పాలా? నకలు మాత్రం దగ్గర ఉంచుకోండి.

కార్డు తీసుకోవాలా, వద్దా అన్నది ఎవరి ఇంటి లెక్క వారిది. సంతకం పెట్టే ముందు ఒక తెల్ల కాగితం మీద నడుమ గీత గీసి, ఎడమన జమ, కుడిన ఖర్చు రాయండి. ఆ కాగితాన్ని ఇంట్లో ఇల్లాలికి చూపండి. నా అనుభవంలో ఆమెను మించిన ఆడిటరు ఏ జిల్లాలోనూ లేదు. ఆమె సరేనంటే సంతకం పెట్టండి.