అంపైరు పరుగులు లెక్కపెట్టాలా?
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఆటల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు కార్యదర్శిగారు. నేను వ్యాయామోపాధ్యాయుడిగా చేసినవాణ్ణి. మోకాళ్లు సహకరించినంతకాలం సాఫ్ట్‌బాల్ అంపైరింగ్ చేశాను. అందులో ఒక్క సంగతి మనవి చేస్తాను.

1887లో చికాగోలో పుట్టిన ఆట ఇది. ఏడు ఇన్నింగ్సులు. ముగ్గురు అవుటైతే జట్టు వంతు అయిపోతుంది. ప్లేట్ అంపైరు చేతిలో ఇండికేటర్ అనే చిన్న పరికరం ఉంటుంది. బాల్స్, స్ట్రయిక్స్, అవుట్లు దానిమీద తిప్పుకుంటాడు. పరుగులు రాసేది స్కోరరు. "తీర్పు మనది, లెక్క వాళ్లది" అని నేనూ చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను.

1994లో ఒక బాలికల పోటీ. ముందు బ్యాటింగ్ చేసే జట్టుకు ఆరో ఇన్నింగ్స్. ఇద్దరు అవుట్. మొదటి బేస్‌లో ఒకమ్మాయి, రెండో బేస్‌లో ఒకమ్మాయి. బంతి దూరం వెళ్లింది. కొట్టిన అమ్మాయి మొదటి బేస్ చేరింది, ముందున్నది హోమ్ ప్లేట్ తొక్కింది. ఆ తర్వాతే వెనకమ్మాయిని మూడో బేస్ దగ్గర బంతితో తాకి అవుట్ చేశారు. అది ఫోర్స్ అవుట్ కాదు గనుక పరుగు చెల్లుతుంది. నాకు తెలుసు. కాని స్కోరరుకు చెయ్యి చూపి "పరుగు ఉంది" అని చెప్పలేదు. ఆయన మూడో అవుట్ రాసి ఊరుకున్నారు.

ఏడో ఇన్నింగ్స్‌లో వాళ్ల వంతు ముగిసేసరికి పుస్తకంలో 5–4. రెండో జట్టు ముందుంది గనుక ఇక బ్యాటింగ్ చేయనక్కర్లేదు. ఆట ముగిసిందన్నాను. ఓడిన జట్టు కెప్టెన్ వచ్చి, "సార్, ఆరోదాంట్లో మా పరుగు..." అంది. "లెక్క నాది కాదమ్మా, స్కోరరుగారినడుగు" అన్నాను. ఆయన్నడిగితే "అంపైరుగారు చెప్పలేదు" అన్నారట. షీటుమీద ఇద్దరం సంతకాలు చేశాం. (ట్రెజరీలో చేసినవారు నవ్వుతున్నారు!) రాత్రి బస్సులో నాకు వెలిగింది. 5–5 ఆట అది.

అంపైరు పరుగులు కూడుకుంటూ నిలబడితే బంతిమీద చూపు తప్పుతుందంటారు. ఆ మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను. కాని ఆట ముగిసిందని చెప్పే నోరు అంపైరుది. స్కోరు తెలియకుండా ఆ మాట ఎలా అంటాడు? అందుకని తర్వాతి పోటీల్లో ప్రతి ఇన్నింగ్స్ చివర స్కోరరు బల్ల దగ్గరకు నడిచి, ఇద్దరు కెప్టెన్లూ వినేలా అంకెలు చదివించేవాణ్ణి. ఆలస్యమవుతోందని నిర్వాహకులు విసుక్కునేవారు. విసుక్కోనిచ్చాను.

ఆ కెప్టెన్‌కు ఉత్తరం రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. రాయలేకపోయాను. సెలవు.