పెట్టెలో తేనె, పొలంలో గింజ



తేనెటీగల పెంపకం మాట ఎత్తగానే ఎవరైనా మొదట అడిగేది ఒకటే. పెట్టెకు ఎన్ని కిలోల తేనె వస్తుందండీ అని. అడగవలసిన మాటే, తప్పులేదు. కానీ బాగేపల్లి, గుడిబండ, చింతామణి, పావగడ వైపు నాలుగైదు ఎకరాల మెట్ట మీద పొద్దుతిరుగుడు, వెర్రినువ్వులు, గుమ్మడి, దోస పెట్టుకునే మన రైతుకు అది రెండో ప్రశ్న కావాలి. మొదటి ప్రశ్న వేరే ఉంది. పోయినసారి మీ పొద్దుతిరుగుడు పువ్వు నడుమ ఎన్ని తాలు గింజలు ఉన్నాయో మీరు ఎప్పుడైనా చూశారా?

కోతప్పుడు ఒక పువ్వును చేతిలోకి తీసుకుని అరచేత్తో రుద్ది చూడండి. అంచు వరుసలలో గింజ నిండుగా ఉంటుంది. నడిమికి పోయేకొద్దీ తెల్లగా, నొక్కితే చప్పున అణిగిపోయే పొట్టు కనిపిస్తుంది. నీళ్ళు చాలలేదనో, ఎరువు తగ్గిందనో మనం అనుకుంటాం. కొంత అదీ నిజమే. కానీ చాలాచోట్ల అసలు కారణం ఏమిటంటే, ఆ గింజ కట్టవలసిన రోజున దాని దగ్గరకు వేరే పువ్వు పుప్పొడి చేరలేదు.

మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక పువ్వు కాదు. పళ్ళెమంత వెడల్పున కనిపించే ఆ పొద్దుతిరుగుడులో కొన్ని వందల చిన్న చిన్న పువ్వులు ఉంటాయి. చుట్టూ పసుపు రేకుల్లా కనిపించేవి గింజ కట్టవు. అవి పిలుపు కోసం ఉన్నాయి. లోపలివే గింజ కట్టేవి. అవి అంచు నుంచి నడిమికి, రోజుకు కొన్ని వరుసల చొప్పున, వారం పదిరోజుల పాటు విచ్చుకుంటూ పోతాయి. ఒక్కొక్క చిన్న పువ్వు ముందు పుప్పొడి రాలుస్తుంది, ఆ తరువాత గాని దాని కీలాగ్రం పైకి వచ్చి పుప్పొడిని అందుకోవడానికి సిద్ధం కాదు. పైగా చాలా రకాలలో తన పుప్పొడి తనకు పనికిరాదు. గాలి మోసుకుపోతుందా అంటే, ఈ పుప్పొడి బరువైనది, జిగురుగా ఉంటుంది. జొన్న పుప్పొడిలా ఎగిరిపోదు. ఎవరో ఒకరు మోయాలి.

మన దేశానికి ఈ పంట 1969లో రష్యా విత్తనాలతో గట్టిగా వచ్చింది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1980లో బి.ఎస్.హెచ్. ఒకటి అనే హైబ్రిడ్‌ను విడుదల చేసింది. ఆ తరువాత వచ్చిన హైబ్రిడ్లలో తమంతట తాము గింజ కట్టే శక్తి కొంత మెరుగైంది. అయినా ఈగలు తిరిగిన చేనుకూ తిరగని చేనుకూ తేడా కనిపిస్తూనే ఉంటుంది. ఇక హైబ్రిడ్ విత్తనం తయారుచేసే చేలలో అయితే ఆడ వరుసలకు సొంత పుప్పొడే ఉండదు. అక్కడ ఈగ రాకపోతే ఆ వరుసలలో పంట లేనట్టే.

ఈగలు తక్కువైనచోట చేత్తో చేయమని వ్యవసాయ శాఖ వారు చెబుతూ వచ్చారు. ఉదయం తొమ్మిదికీ పదకొండుకూ మధ్య, రోజు విడిచి రోజు, అయిదుసార్లు, మెత్తని గుడ్డ చుట్టిన అరచేత్తో ఒక్కొక్క పువ్వునూ సుతారంగా నిమురుకుంటూ పోవాలి. లేదా పక్కపక్క పువ్వులు రెంటిని ముఖాముఖిగా ఆనించి కదపాలి. మా ఇంట్లో ఆడవాళ్ళు చేశారు. మూడో రోజుకు భుజాలు పడిపోయాయి, కళ్ళనిండా పుప్పొడి. ఎకరాకు ఎన్ని వేల మొక్కలు ఉంటాయో మీకు నేను చెప్పనక్కరలేదు. అదే పనిని తేనెటీగ కూలి అడగకుండా చేస్తుంది, పైగా మనకంటే నేర్పుగా. ఒక్కసారి గూడు విడిచి వెళ్ళిన ఈగ సాధారణంగా ఒకే జాతి పువ్వుల మీద తిరుగుతుంది. పొద్దుతిరుగుడు మీద మొదలుపెడితే పొద్దుతిరుగుడు మీదే. మనకు కావలసింది సరిగ్గా అదే. ఇందుకోసం హెక్టారుకు అయిదు పెట్టెలు పెట్టమని సిఫార్సు ఉంది. అంటే రెండున్నర ఎకరాలకు అయిదు.

వెర్రినువ్వుల సంగతి కూడా ఇదే. మనం వెర్రినువ్వులంటాం, కన్నడంలో హుచ్చెళ్ళు అంటారు, అరకు వైపు వలిసెలు అంటారు. రాగి చేలో అక్కడక్కడ ఒక సాలు వెర్రినువ్వులు వేసే అలవాటు మన పెద్దలది. ఆ పంటకూ సొంత పుప్పొడి పనికిరాదు. ఆ పసుపు సాలు ఈగలకు మంచి మేత. రాగికి ఈగతో పనిలేదు గాని, ఆ సాలు ఉన్నంతకాలం చుట్టుపక్కల ఈగ నిలుస్తుంది. ఇప్పుడు ఆ సాళ్ళు తగ్గిపోయాయి. పొద్దుతిరుగుడు కూడా తగ్గింది. 1990ల తొలి సంవత్సరాలలో దేశంలో 20 లక్షల హెక్టార్లకు పైగా ఉన్న పంట ఈనాడు అందులో అయిదో వంతుకు కూడా నిలవలేదు. ధరలు, దిగుమతి నూనెలు, తెగుళ్ళు, దీనికి కారణాలు చాలా ఉన్నాయి. కాని ఇంకా వేస్తున్నవారు ఉన్నారు గదా, ఈ మాటలు వారికోసం.

ఇంతకీ ఏ ఈగను పెంచాలి? మన కొండలలో, చెట్లమీద, పుట్టలలో నాలుగైదు రకాలు ఉన్నాయి. కొండ చరియల కింద, పెద్ద మర్రికొమ్మలకు వేలాడే పెద్ద ఈగ ఉంది. దాని జోలికి పోకండి, అది పెట్టెలో ఇమడదు, కుడితే ప్రాణం మీదికి వస్తుంది. పొదలలో అరచేతంత ఒక్క పట్టు పెట్టే చిన్న ఈగ ఉంది. అదీ పెట్టెకు రాదు. పుట్టలో, చెట్టు తొర్రలో, పాడుబడిన గోడలో వరుసగా ఏడెనిమిది పట్లు పెట్టేది పుట్టతేనె ఈగ. ఇది పెట్టెలో ఉంటుంది. ఇవి కాక యూరపు నుంచి వచ్చిన ఈగ ఒకటి ఉంది, 1960లలో ఉత్తరాదిన నిలదొక్కుకుని తరువాత దక్షిణానికి వచ్చింది. అది తేనె బాగా ఇస్తుంది. అయితే పూత వెంట పెట్టెలను లారీలలో తిప్పాలి, మేత లేని కాలంలో పంచదార పాకం బాగా పోయాలి. అది వ్యాపారంగా చేసేవారి ఈగ. రెండు మూడు పెట్టెలతో సరిపెట్టుకునే రైతుకు నా మాట అడిగితే పుట్టతేనె ఈగే మేలు. ఏడాదికి పెట్టెకు అయిదు నుంచి పది కిలోల తేనె వస్తే సంతోషించాలి. అంతకు మించి చెప్పి పెట్టెలు అమ్మజూపే వారి మాట నమ్మకండి.

ఈ ఈగకు ఒక పెద్ద గండం వచ్చిన సంగతి పాతవారికి గుర్తుండాలి. 1991, 92లలో ఒక వైరస్ జబ్బు కేరళ నుంచి కర్ణాటకకూ తమిళనాడుకూ పాకింది. థాయి సంచి జబ్బు అన్నారు. పిల్ల పురుగు కణంలోనే నీళ్ళు నిండిన సంచిలా మారి చచ్చిపోయేది. పెట్టెలు పెట్టుకున్నవారిలో నూటికి తొంభై పెట్టెలు ఖాళీ అయిన ఊళ్ళు ఉన్నాయి. కొడగు, కన్యాకుమారి జిల్లా మార్తాండం వంటి పేరున్నచోట్ల కూడా ఇదే గతి. దానికి మందు లేదు. తట్టుకుని మిగిలిన గూళ్ళ నుంచే మళ్ళీ సంతతి పెరిగింది. కనుక పెట్టె కొనేటప్పుడు చట్రం ఎత్తి పిల్లల గది చూడండి. పురుగులు ముత్యంలా తెల్లగా, గుండ్రంగా చుట్టుకుని ఉండాలి. పసుపు తిరిగి, నిక్కబొడుచుకుని, తల పైకెత్తి చచ్చినవి కనిపిస్తే ఆ పెట్టె ఉచితంగా ఇచ్చినా ఇంటికి తేవద్దు.

పెట్టె పెట్టే పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. నాలుగు కాళ్ళ బల్ల మీద, కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలతో, చీమ ఎక్కకుండా పెట్టాలి. మధ్యాహ్నపు ఎండకు కానుగ నీడో చింత నీడో ఉండాలి. మన వైపు ఈ రెండు చెట్లకూ కొదవ లేదు, రెండూ ఈగకు మేత కూడా. దగ్గరలో నీళ్ళు ఉండాలి. తొట్టిలో నాలుగు చిల్లపెంకులు వేస్తే ఈగ మునగకుండా వాటి మీద నిలబడి తాగుతుంది. పదిరోజులకు ఒకసారి మూత తీసి చూడండి. పట్టు మీద సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే మైనం తినే పురుగు చేరిందన్నమాట. అడుగు పలక గీకి శుభ్రం చేసి, ఈగలు కప్పని పాత పట్టు తీసేయాలి. ఇంకొక మాట. పెట్టెలను పూతకు ముందే తెచ్చి పెట్టకండి. ఈగలు పక్కనున్న వేరే పూతకు అలవాటు పడతాయి. చేలో నూటికి అయిదు పది మొక్కలు పూసిన రోజున తెస్తే నేరుగా మీ చేలోకే దిగుతాయి.

ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు.

మొదటిసారి నేను పొద్దుతిరుగుడు చేను గట్టున నాలుగు పెట్టెలు పెట్టాను. పూత నిండుగా ఉంది. అయిదో రోజు పొద్దున పది గంటలకు వెళ్ళేసరికి పెట్టెల ముందు నేలంతా చచ్చిన ఈగలు. కొన్ని ఇంకా వణుకుతూ, నాలుక బయటపెట్టి, గుండ్రంగా తిరుగుతున్నాయి. పక్క చేలో మా చిన్నాయన వరసాయన పచ్చపురుగుకు మందు కొడుతున్నాడు. నేను ఆవేశంగా వెళ్ళి నాలుగు మాటలన్నాను. ఆయన స్ప్రేయరు దింపి, "ఈడ పెట్టెలు పెట్టినావని నాకు ఎవరు చెప్పినారప్పా? ముందే చెప్పింటే సాయంత్రం కొట్టుకుందును గదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నేను పెట్టెలు తెచ్చాను, స్టాండు చేయించాను, నీళ్ళ తొట్టి పెట్టాను. పక్క చేని మనిషికి ఒక్క మాట చెప్పలేదు. ఆ రోజు పోయింది నా ఈగలే కాదు, ఆయన చేలో గింజ కట్టించవలసిన ఈగలు కూడా.

పుట్టతేనె ఈగ ఇంచుమించు ఒక కిలోమీటరు దాకా తిరుగుతుంది. అంత మేరలో మీ పొలం ఎంత, ఇతరులది ఎంత? అందుకే పెట్టె తేవడానికి ముందు ఆ చుట్టుపక్కల చేలవారిని కలవండి. పూతలో మందు కొట్టకుండా ఉండటమే మేలు. తప్పనిసరి అయితే పొద్దుగూకిన తరువాత, ఈగలు గూటికి చేరాక కొట్టమనండి. ముందురోజు కబురు పెడితే ఆ రాత్రే మీ పెట్టెల వాకిలి వలగుడ్డతో మూసి దూరం తీసుకుపోవచ్చు. పొడిమందు కంటే త్వరగా ఆరిపోయే ద్రవం కొంత నయం.

విత్తనానికి పట్టించే మందుల మాట కూడా చెప్పాలి. 1997లో మన బాగేపల్లి ప్రాంతంలోనే పొద్దుతిరుగుడుకు నెక్రోసిస్ అనే తెగులు మొదటిసారి గుర్తించారు. మొక్క మెలితిరిగి మాడిపోతుంది. తామర పురుగుల ద్వారా, పుప్పొడితో పాటు ఈ వైరస్ వస్తుంది. దానికోసం ఇమిడాక్లోప్రిడ్ విత్తనశుద్ధి చేయమన్నారు. అదే మందు మీద ఫ్రాన్సు 1999లో పొద్దుతిరుగుడు విత్తనాల వరకు నిషేధం పెట్టింది. 2018లో యూరపు దేశాలు బయట పొలాలలో దాన్నీ దాని తోటి మందులు రెంటినీ ఆపాయి. తెగులు ఒకవైపు, ఈగ ఒకవైపు. రైతు ఏం చేయాలి? ఈ వైరస్ గట్ల మీది కాంగ్రెస్ గడ్డిలో దాక్కుని ఉంటుంది. వయ్యారిభామ అనేది దాన్నే. అది పూయకముందే పీకించండి. చేను చుట్టూ మూడు నాలుగు సాళ్ళు జొన్న ముందుగా విత్తి అడ్డుగా పెట్టండి. ఇవి చేసినచోట మందు అవసరం తగ్గుతుంది. చేయకుండా మందు ఒక్కదాన్నే నమ్ముకోవడం నాకు నచ్చని పని.

తేనె తీయడం గురించి రెండు మాటలు. పట్టులో నూటికి డెబ్భై అయిదు కణాలు ఈగలు మైనంతో మూసిన తరువాతే తీయాలి. తొందరపడి తీస్తే నీరు ఎక్కువై సీసాలో పులుస్తుంది, మూత ఎగిరిపోతుంది. పట్టు పిండకండి. తిప్పే యంత్రంలో చట్రం పెట్టి తీస్తే పట్టు మళ్ళీ పనికొస్తుంది, ఈగకు మళ్ళీ కట్టే శ్రమ తప్పుతుంది. తేనెగదిలోదే తీయండి, కింద పిల్లల గదిలోది వాటి తిండి. ఇంట్లో పెద్దవాళ్ళు పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం ఆచారం. ఏడాది నిండని బిడ్డకు మాత్రం వద్దు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పెద్దలకు హాని చేయవు గాని, పసిపేగులో పెరిగి ప్రమాదం తెస్తాయి.

ఈగ కుడితే ముల్లును గోటితో గీకి వెంటనే తీసేయండి. కొందరికి ఒక్క కాటుకే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఆడదు. అటువంటి వారిని క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, ఆ ఇంట్లో పెట్టె పెట్టకపోవడమే మంచిది. పెట్టెలకు, శిక్షణకు ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వారిని, మీ తాలూకా తోటల శాఖ వారిని అడిగి చూడండి. ఇస్తామన్నదానికల్లా ఒకేసారి పది పెట్టెలు తెచ్చుకోకండి. రెండు చాలు. ఒక ఏడాది వాటితో తిరిగితే మిగతాది అవే నేర్పుతాయి.

మా చిన్నాయన సంగతి చెప్పి ముగిస్తాను. మరుసటి ఏడాది విత్తనాలు వేసిన వారానికే ఆయన మా ఇంటికి వచ్చి, ఈసారి పెట్టెలు ఎప్పుడు తెస్తావు అని అడిగాడు. పూతకు తెస్తానన్నాను. నాలుగింటిలో రెండు తన గట్టు మీద పెట్టమన్నాడు, చింతచెట్టు కింద. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.