ఖాళీ అనుకున్న పిస్టల్: విప్పడం, తుడవడం, మళ్లీ బిగించడం

ఈ రోజు ఎపిసోడ్ డాలస్ దగ్గర మా బావ వాళ్ల గరాజ్‌లో తీస్తున్నాం. గరాజ్ తలుపు తీసే ఉంచాం. పక్కింటాయన లాన్ మూవర్ శబ్దం వస్తే కొంచెం సర్దుకోండి. తలుపు ఎందుకు తీశామో తర్వాత చెప్తాను, దానికీ ఒక కారణం ఉంది.

అదిగో, ఆ మూలన వాషింగ్ మెషిన్ కనిపిస్తోంది కదా, తళతళలాడుతూ. కొత్తది. పాతది ఎలా పోయిందో ముందు చెప్తాను. అది చెప్తే ఇవాళ్టి విషయంలో సగం చెప్పినట్టే.

నిరుడు ఒక ఆదివారం. బావ, నేను షూటింగ్ రేంజ్ నుంచి వచ్చాం. బావ ఇదే బల్ల మీద తన గ్లాక్ 19 పెట్టి శుభ్రం చెయ్యడానికి కూర్చున్నాడు. పదేళ్లుగా తుపాకీ వాడుతున్న మనిషి, కొత్తవాడేం కాదు. స్లైడ్ వెనక్కి లాగాడు. లోపల ఉన్న తూటా ఎగిరి బయట పడింది. దాన్ని గాల్లోనే పట్టుకుని నా వైపు చూసి నవ్వాడు కూడా. తర్వాత మ్యాగజైన్ తీసి పక్కన పెట్టాడు. తూటా బయటికొచ్చింది, మ్యాగజైన్ బయటికొచ్చింది, ఇంకేముంది, ఖాళీయే. గ్లాక్ విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. నొక్కాడు.

మూసి ఉన్న గరాజ్‌లో 9 ఎంఎం పేలితే ఎలా ఉంటుందో నేను మాటల్లో చెప్పలేను. కాసేపు చెవుల్లో గుయ్ మనే శబ్దం తప్ప ఏమీ లేదు. తూటా వాషింగ్ మెషిన్‌లోకి దూరి డ్రమ్ములో ఆగింది. అంతకు ఐదు నిమిషాల ముందు మా అక్క అక్కడే వంగి బట్టలు తీస్తోంది. ఈ మాట నేను చెప్తానంటే బావ కొంచెం ఇబ్బంది పడ్డాడు గానీ, అక్క మాత్రం చెప్పి తీరాల్సిందే అంది.

మరి తప్పు ఎక్కడ జరిగింది? రెండు పనులూ చేశాడు. కానీ వరస తిరగబడింది.

బీటెక్ రెండో ఏడాదిలో డేటా స్ట్రక్చర్స్ చదివిన వాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మ్యాగజైన్ అంటే ఒక స్టాక్. చివర పెట్టింది పైన ఉంటుంది, పైనున్నదే ముందు బయటికొస్తుంది. స్లైడ్ వెనక్కి లాగి వదిలితే రెండు పనులు జరుగుతాయి. చాంబర్‌లో ఉన్న తూటా బయట పడుతుంది, స్లైడ్ ముందుకొస్తూ మ్యాగజైన్ పైనున్న ఇంకో తూటాని చాంబర్‌లోకి తోస్తుంది. అంటే మ్యాగజైన్ లోపల ఉండగా స్లైడ్ లాగితే మీరు ఖాళీ చేయట్లేదు, లోడ్ చేస్తున్నారు. ఆ తర్వాత మ్యాగజైన్ తీసినా గొట్టంలో ఉన్నది అక్కడే ఉంటుంది. బ్రౌనింగ్ హై పవర్ లాంటి కొన్ని పాత పిస్టళ్లలో మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచెయ్యదు. గ్లాక్‌లో అలాంటి ఏర్పాటు లేదు. మ్యాగజైన్ లేకపోయినా పేలుతుంది.

"తుపాకీ తుడుస్తుండగా పేలింది" అని వార్తల్లో చూస్తుంటాం. అమెరికాలో మన తెలుగు పిల్లలు కూడా అలా పోయారు, ఆ వార్త మీలో చాలామంది చూసే ఉంటారు. విప్పి నాలుగు ముక్కలు చేసిన పిస్టల్ పేలడం జరగని పని. అంటే ఆ వార్తల్లో చెప్పే ప్రమాదం తుడవడం మొదలుకాక ముందే జరిగిపోతుంది. అందుకే ఈ ఎపిసోడ్‌లో బ్రష్షుల గురించి తక్కువ, ఆ మొదటి రెండు నిమిషాల గురించి ఎక్కువ చెప్తాను.

ఇంకో ముక్క, చాలా ముఖ్యం. ఎఫ్1, హెచ్1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. షాపులో నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్న నేరుగానే ఉంటుంది. రూమ్మేట్‌ది కదా అని అల్మారాలో పెట్టనివ్వకండి. నాకు మా ఆవిడ ద్వారా గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి ఇవాళ దీన్ని ముట్టుకుంటున్నాను. ఇక ఊళ్లో ఉండి చూసేవాళ్లు, ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పజెప్పే లైసెన్స్ పిస్టల్ ఇంట్లో ఉన్నవాళ్లు, మీ మోడల్ వేరే ఉంటుంది. విప్పే పద్ధతికి మీ పిస్టల్ మాన్యువల్‌నే నమ్మండి. ఖాళీ చేసే వరస మాత్రం ఏ దేశంలోనైనా ఇదే.

సరే, మొదలుపెడదాం. బల్ల పక్కన ఈ బకెట్ చూశారా? ఐదు గ్యాలన్ల బకెట్ నిండా ఇసుక. వాషింగ్ మెషిన్ పోయిన మర్నాడే అక్క కొనిపించింది. చూడ్డానికి నవ్వొస్తుంది గానీ, సైనిక స్థావరాల్లో కూడా తుపాకీ ఖాళీ చేసేటప్పుడు గొట్టం పెట్టడానికి ఇసుక పీపాలు ఉంటాయి. ఇక్కడి ఇళ్ల గోడలు మన ఊళ్లో ఇటుక గోడల్లాంటివి కావు. లోపలంతా జిప్సమ్ అట్ట. 9 ఎంఎం తూటా దాన్ని దాటుకుని పక్క గదిలోకి వెళ్లిపోతుంది. అందుకని "గోడ వైపు పెట్టాను కదా" అంటే కుదరదు. ఆ గోడ అవతల ఎవరున్నారు అన్నది ప్రశ్న.

గొట్టం బకెట్ వైపు. వేలు ట్రిగ్గర్ మీద కాదు, ఇదిగో, ఫ్రేమ్ పక్కన చాచి ఉంది. ముందు మ్యాగజైన్. బటన్ నొక్కాను, బయటికొచ్చింది, దూరంగా పెట్టాను. ఇప్పుడు స్లైడ్ వెనక్కి. ఒక తూటా పడింది. మ్యాగజైన్ లేదు కాబట్టి స్లైడ్ తనంతట తాను వెనక ఆగదు, బొటనవేలితో ఈ స్లైడ్ స్టాప్‌ని పైకి ఎత్తాలి. ఆగింది. ఇప్పుడు చాంబర్‌లోకి చూస్తున్నాను. చూస్తే చాలదు. చిటికెన వేలు పెట్టి తడుముతున్నాను. చాంబర్ ఖాళీగా ఉంటే వేలికి గుంట తగులుతుంది. మ్యాగజైన్ ఉండే చోటు కూడా తడమాలి. ఒకసారి తల తిప్పి ఎటో చూసి, మళ్లీ ఇంకోసారి చూడండి. మనకి కావాల్సిందే కంటికి కనిపించడం మనసు చేసే మాయ. బగ్ లేదని మనమే రాసిన కోడ్‌ని మనమే పదిసార్లు చదివినా బగ్ కనపడనట్టు.

ఇప్పుడు తూటాలన్నీ, మ్యాగజైన్‌తో సహా, ఈ గదిలోంచి బయటికి. బావా, ఇవి లోపల పెట్టేసి రా. మధ్యలో ఫోన్ వచ్చి లేచి వెళ్లారా? తిరిగొచ్చాక మళ్లీ మొదటి నుంచి, మళ్లీ వేలు పెట్టి. మీరు వెళ్లినప్పుడు ఎవరూ ముట్టుకోలేదని మీకెలా తెలుసు?

ఇప్పుడు గ్లాక్‌లో అసలు మెలిక. స్లైడ్ ముందుకి వదిలి, గొట్టం బకెట్ వైపే ఉంచి, ట్రిగ్గర్ నొక్కాలి. టక్ మంది, విన్నారా? ఈ ఒక్క మెట్టు గురించే చాలామంది గ్లాక్‌ని తిడతారు. తిట్టడంలో కొంత న్యాయం ఉందనే నా అభిప్రాయం. బెరెట్టా 92లో ఒక లీవర్ తిప్పితే చాలు, సిగ్ పీ320లో స్లైడ్ వెనక ఆపి లీవర్ తిప్పాలి, ట్రిగ్గర్ జోలికి పోనక్కర్లేదు. స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీలో ట్రిగ్గర్ నొక్కకుండా విప్పుకోవడానికే లోపల ఒక చిన్న లీవర్ పెట్టారు. డిజైన్ చేసేవాడు మనిషి పొరపాటు చేస్తాడని ముందే అనుకుంటే ఇలాంటివి పుడతాయి. గ్లాక్ మాత్రం మీరు పొరపాటు చెయ్యరని అనుకుంటుంది.

ఇక విప్పడం. నాలుగు వేళ్లు స్లైడ్ పైన, బొటనవేలు గ్రిప్ వెనక. స్లైడ్‌ని కొద్దిగా, మూడు మిల్లీమీటర్లు, అంతే, వెనక్కి లాగాలి. ఎక్కువ లాగితే ట్రిగ్గర్ మళ్లీ ముందుకొచ్చేస్తుంది, అప్పుడు మళ్లీ మొదటికే. రెండో చేత్తో ఫ్రేమ్‌కి అటూ ఇటూ ఉన్న ఈ చిన్న మీటల్ని కిందికి లాగి, స్లైడ్‌ని ముందుకి తోస్తే ఊడి వచ్చేస్తుంది. తిప్పి పట్టుకుని స్ప్రింగ్‌ని కొంచెం ముందుకి నొక్కి ఎత్తండి, తర్వాత గొట్టం. కళ్లద్దాలు పెట్టుకోమన్నది ఈ స్ప్రింగ్ కోసమే. గ్లాక్‌లో అది కడ్డీకే బిగించి ఉంటుంది కాబట్టి నయం. పాత 1911 మోడల్‌లో ముందున్న బిరడా చేయి జారితే నేరుగా మొహం మీదికే వస్తుంది.

అంతే, నాలుగు ముక్కలు. ఫ్రేమ్, స్లైడ్, గొట్టం, స్ప్రింగ్. ఇంతకంటే విప్పకండి. లోపలి పనులు ఆర్మరర్ అనే మెకానిక్‌వి.

గరాజ్ తలుపు సంగతి ఇప్పుడు. తూటా అడుగున ఉండే ప్రైమర్‌లో చాలావరకు సీసం కలిసిన రసాయనం ఉంటుంది. ఈ నల్లటి మసిలో ఆ సీసం ఉంది. అందుకే గ్లవ్స్. అందుకే డైనింగ్ టేబుల్ మీద ఈ పని చెయ్యకూడదు, చేస్తూ చేస్తూ మిక్చర్ పొట్లం విప్పకూడదు, చంటిపిల్లల్ని ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడగాలి, చొక్కా కూడా మార్చాలి. సాల్వెంట్ వాసన తలకెక్కుతుంది, పైగా మండుతుంది. ఇక్కడ చాలా గరాజ్‌లలో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటుంది, లోపల చిన్న మంట వెలుగుతూ ఉంటుంది. మీది అలాంటిదైతే వరండాలో కూర్చోండి.

గొట్టాన్ని చాంబర్ వైపు నుంచే తుడవాలి. మూతి దగ్గర అంచు దెబ్బతింటే గురి తప్పుతుంది. సాల్వెంట్‌తో తడిపిన గుడ్డ ముక్క ఒకటి పోనిచ్చి, కొన్ని నిమిషాలు నాననివ్వండి. తర్వాత కంచు బ్రష్. ఇది పూర్తిగా అవతలి వైపుకి వచ్చాకే వెనక్కి లాగాలి, మధ్యలో తిప్పితే వెంట్రుకలు వంగిపోతాయి. తర్వాత పొడి గుడ్డలు, తెల్లగా వచ్చేదాకా. మొదటిది చూడండి, కాటుక గుడ్డలా ఉంది. స్లైడ్ లోపల తూటా అడుగు ఆనే చోటుంది కదా, దాన్ని పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. రుద్దేటప్పుడు స్లైడ్ మూతి కిందికి ఉండాలి, లేకపోతే సాల్వెంట్ ఫైరింగ్ పిన్ రంధ్రంలోకి దిగుతుంది. అక్కడ తడి గానీ నూనె గానీ చేరితే మసి పట్టి జిగురవుతుంది.

నూనె గురించి ఒక్క మాట. మనవాళ్లకి నూనె అంటే ధారాళం. ఇది వంకాయ కూర కాదు. గొట్టం బయట పల్చగా ఒక పూత, స్లైడ్ జారే గాడుల్లో తలో చుక్క, ఫ్రేమ్ వెనక కుడి మూలన ట్రిగ్గర్ బార్ కనెక్టర్‌కి తగిలే చోట ఒక చుక్క. మ్యాగజైన్ లోపల అసలు వద్దు, ఆ నూనె తూటాలకి అంటితే ప్రైమర్ పాడవుతుంది. సరిగ్గా పేల్చాల్సినప్పుడు పేలదు.

బిగించడం విప్పడానికి తిరగేసి. గొట్టం, స్ప్రింగ్. స్ప్రింగ్ వెనక చివర గొట్టం కింద ఉన్న చిన్న అర్ధచంద్రాకారం గాడిలో కూర్చోవాలి, అది చూసుకోండి. స్లైడ్‌ని ఫ్రేమ్ పట్టాల మీదికి ఎక్కించి పూర్తిగా వెనక్కి లాగితే మీటలు వాటంతట అవే పడతాయి.

ఇప్పుడు పరీక్ష. తూటాలు ఇంకా లోపలి గదిలోనే ఉన్నాయి, గొట్టం బకెట్ వైపే ఉంది, చాంబర్ మళ్లీ చూశాను. స్లైడ్ లాగి వదిలాను, ట్రిగ్గర్ నొక్కాను, టక్. ట్రిగ్గర్ అలాగే పట్టుకుని స్లైడ్ లాగి వదిలాను. ఇప్పుడు ట్రిగ్గర్ మెల్లగా వదులుతుంటే ఇదిగో, చిన్న క్లిక్. అది వినపడితే సరిగ్గా బిగిసినట్టే. వినపడకపోతే లోడ్ చెయ్యకుండా నేరుగా ఆర్మరర్ దగ్గరికి.

బావ ఇప్పుడు దీన్ని లాకర్‌లో పెడుతున్నాడు. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళం. టెక్సస్‌లో పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేస్తే పెద్దవాళ్ల మీదే కేసు. ఇంట్లో మా మేనకోడలికి ఆరేళ్లు. లాకర్ తాళం రెండోది అక్క దగ్గరే ఉంటుంది, ఇది కూడా వాషింగ్ మెషిన్ తర్వాత వచ్చిన నియమమే.

వచ్చే ఎపిసోడ్‌లో లాకర్ల గురించి మాట్లాడుకుందాం, ఏది కొనాలి, గోడకి ఎలా బిగించాలి అని. అక్క టీ పెట్టి పిలుస్తోంది, చేతులు కడుక్కుని వెళ్తాను. ఉంటాను మరి.