మనవరాలి పరీక్ష - నాకు చెప్పిన పాఠం

(పెన్షనర్ల దినోత్సవం నాడు గండికోటలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం)



విదేశాలకు పోదలచిన మన పిల్లలు చాలామంది ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అనే ఇంగ్లీషు పరీక్ష రాస్తున్నారు. 1989లో మొదలైన ఈ పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు. ఒక్కొక్కదానికి 9 వరకు స్కోరు. నా మనవరాలు నర్సు. ఈ పరీక్ష ద్వారా బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే రాయడంలో 6.5, తక్కిన మూడింటిలో 7 చొప్పున రావాలి.

"జేజినాయనా, వ్యాసం రాయడం నేర్పించు" అని అడిగింది. తాలూకాఫీసులో, తర్వాత మండలాఫీసులో 36 ఏండ్లు డ్రాఫ్టులు రాసినవాణ్ణి, నాకు రానిదేముంది అనుకున్నాను. ఫైలు నోటు మాదిరి చాంతాడంత వాక్యాలు నేర్పించాను. రాయడంలో 6 వచ్చింది. తక్కినవన్నీ గట్టెక్కాయి. పాప నన్ను ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

అప్పుడు ఆ పరీక్ష పద్ధతి చదివాను. గంటలో రెండు రాయాలి. గ్రాఫునో పట్టికనో వివరిస్తూ 150 మాటలు, వ్యాసం 250 మాటలు. వ్యాసానికి రెట్టింపు విలువ. అడిగినదానికి సూటిగా జవాబు, పేరాకు ఒక విషయం, దానికొక ఉదాహరణ ఉండాలి. మన ఆఫీసు ఇంగ్లీషు అక్కడ చెల్లదు. రెండోసారి నేను గడియారం పట్టుకుని కూర్చున్నానంతే. పాప నెగ్గింది.

పరాయి భాషలో పరీక్ష మనకే వచ్చిన కష్టం కాదు. 1817లో మద్రాసులో దిగిన బ్రౌన్ దొర తెలుగు పరీక్ష ప్యాసై 1820లో మన కడపకు వచ్చాడు. ఆయన తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది 1852లో. పరీక్ష గడప మాత్రమే, భాష ఆ తర్వాత వచ్చేదే.

కొన్ని మాటలు గుర్తుంచుకోండి. స్కోరు రెండేండ్లే చెల్లుతుంది. స్కోరు ఇప్పిస్తామనేవారికి పైసా ఇవ్వకండి. పిల్లలను చూసి రావడానికి పోయే మనకు ఈ పరీక్ష లేదు. బ్రిటన్ పౌరసత్వానికి కూడా 65 నిండినవారికి ఇంగ్లీషు పరీక్ష మినహాయింపు ఉంది.

తెలిసింది నేర్పండి, తెలియనిది పిల్లలతో కలిసి చదవండి. సెలవు.